విశాఖపట్నం మధురవాడలోని మెడికల్ బిల్లింగ్ కంపెనీలో ఉద్యోగం: 5కి 1 స్టారు

కంపెనీ పేరు రాయడం లేదు. నా స్నేహితులు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. కింద రాసినవి చదివితే, ఇంటర్వ్యూకు వెళ్లినవారు ఇలాంటి చోటును ఇట్టే గుర్తుపడతారు.

ఆ ఒక్క స్టారు శిక్షణకు. అమెరికా ఆసుపత్రుల తరఫున పంపే బిల్లును, అంటే క్లెయిమును, అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ ఎందుకు తిరస్కరించిందో కోడు చూసి పట్టుకోవడం, అప్పీలు రాయడం అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పనే నాకు అన్నం పెడుతోంది. ఓపికగా నేర్పిన సీనియర్లకు రుణపడి ఉంటాను.

మిగతాదంతా భయపెట్టి నడిపించే వ్యవహారమే. షిఫ్టు సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర వరకు. టార్గెట్ పూర్తికాకపోతే ఇంటికి దింపే కంపెనీ క్యాబ్ ఎక్కనివ్వరు. ఆ వేళలో గాజువాక చేరాల్సిన ఆడపిల్ల ఇంకేం చేస్తుంది? మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. తప్పులు చేసినవారి పేర్లకు ఎర్ర రంగు పూసి, ఆ షీటును వాట్సాప్ గ్రూపులో అందరికీ పెడతారు. బాత్రూముకు వెళ్లినా నిమిషాలు లెక్కపెడతారు.

మా వరుసలో కూర్చునే అమ్మాయి వాళ్ల నాన్నగారిని కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. సెలవు అడిగితే టీం లీడర్, "మంచం మీదున్న ఫొటో పంపు, చూసి చెబుతాను" అన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఉన్న తండ్రి ఫొటో తీసి పంపింది. "సరే, ఒక్క రోజు" అని జవాబు వచ్చింది. ఆ ఫోను నా చేతికిచ్చి చూపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. ప్రతి మీటింగులోనూ "మనమంతా ఒకే కుటుంబం" అని చెప్పే మనుషులు వీళ్లు!

అక్కడ పనిచేస్తున్నవారు ఈ రోజే పీఎఫ్ చూసుకోండి. నా జీతం చీటీలో బేసిక్ మీద 12 శాతం కోత కనిపించేది, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే కొన్ని నెలలు ఖాళీ. కోసిన సొమ్మును, కంపెనీ వాటాతో కలిపి, తర్వాతి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. హెచ్‌ఆర్‌ను అడిగితే "నీకొక్కదానికే ఎందుకీ అనుమానం?" అన్నారు. పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో రాశాకే డబ్బు పడింది.

కొత్తగా చేరేవారు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, జిరాక్సులు మాత్రమే ఇవ్వండి. రాజీనామా చేశాక నా డిగ్రీ పట్టా కోసం ఆ ఆఫీసు చుట్టూ ఎన్నోసార్లు తిరిగాను. కార్మిక శాఖకు వెళ్తున్నానని కాగితం మీద రాసిచ్చాకే పట్టా ఉన్న కవరు నా చేతిలో పెట్టారు.