64 బెజ్జాలు, మూడు రకాల కౌంటర్‌సింక్ బిట్లు

పోయిన సంక్రాంతికి బొమ్మల కొలువు ఎత్తేసేటప్పుడు అమ్మ ఉప్పాడ చీర పాడైంది. మెట్ల మీద పరిచిన చీర లాగుతుంటే, మూడో మెట్టు దగ్గర స్క్రూ తల ఒకటి కాస్త పైకి లేచి ఉందేమో, దానికి జరీ పోగు తగులుకుని జానెడు మేర లేచి వచ్చేసింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. ఆ మెట్లు చేసింది నేనే.

పగలంతా బ్యాంకు కౌంటర్లో కూర్చుంటాను. ఆదివారాలు మాత్రం బాల్కనీ నాది. లాక్‌డౌన్‌లో మొదలైన పిచ్చి ఇది. కొలువుకి ఐదు మెట్లు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. కింద కాళ్ళు మా ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చుకున్న టేకు ద్వారబంధాలు. మెట్టుకి ఎనిమిది స్క్రూల చొప్పున 40, ఫ్రేముకి 24. మొత్తం 64. ఏటా విప్పి అటక మీద పెట్టాలి కాబట్టి మేకులు కుదరవు. ఈసారి ప్రతి తలా చెక్కలోకి దిగాల్సిందేనని పట్టుబట్టి, మూడు నెలల్లో మూడు రకాల కౌంటర్‌సింక్ బిట్లు కొన్నాను. స్క్రూ తల లోపలికి దిగి కూర్చునేలా బెజ్జం మూతిని గిన్నెలా తొలిచే డ్రిల్ బిట్లు ఇవి.

మొదటిది కాకినాడ మెయిన్ రోడ్డులో దొరికింది. ఐదు అంచుల బిట్, 12 మిల్లీమీటర్లది, 90 రూపాయలు. సీఎస్‌కే (కౌంటర్‌సింక్‌కే పొట్టిపేరు) బిట్ అని అడిగితే హార్డ్‌వేర్ షాపు అబ్బాయి వెతక్కుండా తీసిచ్చింది ఇదే. ఇనుప రేకుకీ, అల్యూమినియానికీ బాగానే పనిచేస్తుంది. చెక్క మీద పెడితే మాత్రం గడగడలాడింది. ఐదు అంచులూ ఒకదాని వెనక ఒకటి ఎగిరెగిరి తగులుతుంటే, బెజ్జం చుట్టూ గుండ్రంగా రావాల్సిన గాడి కాస్తా రేకులు రేకులుగా నందివర్ధనం పువ్వులా తయారైంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ స్క్రూ తల అందులో సమంగా కూర్చోదు. స్పీడు బాగా తగ్గిస్తే కొంచెం నయం. దాన్ని ఇనుప పనికని పక్కన పెట్టేశాను.

రెండోది ఆన్‌లైన్లో, నాలుగు బిట్ల సెట్టు, 449 రూపాయలు. ఫొటోలో చూడగానే మనసు పడిపోయాను. మధ్యలో సన్నటి డ్రిల్ బిట్, దాని మీద తొడుగులాగా కౌంటర్‌సింక్ కట్టరు. పక్కనున్న చిన్న స్క్రూని అలెన్ కీతో, అంటే ఆరు పలకల వంకర కమ్మీతో బిగిస్తే రెండూ ఒకటైపోతాయి. ఒక్క నొక్కుకి బెజ్జం, గాడి రెండూ అయిపోవాలి. ప్లైవుడ్‌లో మొదటి పది అలాగే అయ్యాయి కూడా. మా వారు చెక్క పట్టుకుని "ఇంకేం, గంటలో అయిపోతుంది" అన్నారు.

టేకు దగ్గరికొచ్చాక మొదలైంది కథ. కట్టరు సందుల్లో పొట్టు ఇరుక్కుని గట్టిపడిపోయింది. మాడు వాసన వచ్చింది. ఏంటా అని ఆపి చూస్తే అంచు నల్లగా అయిపోయి ఉంది. ఇంకో మూడు బెజ్జాలకి తొడుగు బిట్ మీద పైకి జారిపోయింది. నేనేమో ఇంకా లోతు దిగలేదనుకుని నొక్కుతూనే ఉన్నాను. మళ్ళీ బిగిద్దామంటే అలెన్ కీ దూరే చోటు అరిగి గుండ్రంగా అయిపోయింది. వెనక్కి పంపుతానంటే వాడిన వస్తువు వాపసు తీసుకోం అన్నారు. వాడకుండా ఎలా తెలుస్తుందో మరి!

తప్పంతా బిట్‌దే అనను. డ్రిల్‌ని రెండో గేరులో పెట్టి ఊపిరాడనివ్వకుండా నొక్కాను. మొదటి గేరులో నెమ్మదిగా తిప్పుతూ, రెండు సెకన్లకోసారి బయటికి లాగి పొట్టు రాల్చి ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేది. కానీ ఇలాంటి సెట్టు కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి. బిగింపు స్క్రూ వచ్చి ఆనే చోట డ్రిల్ బిట్ ఒక పక్క చదునుగా చెక్కి ఉండాలి. గుండ్రటి బిట్ మీద గుండ్రటి తొడుగు ఎంత బిగించినా టేకు ముందు నిలవదు. నాకొచ్చిన సెట్టులో ఆ చదును లేదు.

దీంతో ఇంకో చిక్కు ఉంది, ఎక్కువమంది గమనించనిది. 8 నంబరు స్క్రూకి ఇది 3 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తుంది, పైచెక్కకీ కిందచెక్కకీ అదే. మనం వాడే నల్ల స్క్రూలకి తల దాకా మరలే. ఆ మరలు పైచెక్కని కూడా పట్టేసుకుంటాయి. స్క్రూ తిరుగుతుంది, తల దిగుతుంది, కానీ రెండు చెక్కలూ దగ్గరికి రావు. నా రెండో మెట్టు కింద ఏటీఎం కార్డు దూరింది. బ్యాంకు మనిషిని కదా, చేతికి అదే దొరికింది. ఇంకా బిగిస్తే సందు పోతుందనుకుంటే తల ప్లైవుడ్‌ని చీల్చుకుని పోతుంది. పైచెక్కలో స్క్రూ వదులుగా దూరిపోవాలి. అప్పుడే తల పైచెక్కని కిందికి లాగుతుంది.

మూడోదాని దగ్గరే ఆగిపోయాను. మొద్దు పెన్సిల్ మొనలాంటి ముక్కు, దానికి ఏటవాలుగా ఒక రంధ్రం, అంతే. నాలుగు సైజుల సెట్టు 320 రూపాయలు. దీనికి అంచు ఒక్కటే, ఆ రంధ్రం వారే. గడగడలాడ్డానికి రెండో అంచంటూ ఉంటే కదా! షార్ప్‌నర్‌లో పెన్సిల్ తిప్పినట్టే ఉంటుంది పని. టేకులో తిప్పుతుంటే రంధ్రంలోంచి సన్నటి చెక్కపొర చుట్టలు చుట్టుకుంటూ బయటికొచ్చింది. లోపల గాడి చేత్తో తడిమితే గాజు గిన్నెలా నున్నగా ఉంది.

దీని ముక్కు తనంతట తాను చెక్కని తొలవదు, ముందే బెజ్జం ఉండాలి. సెట్టులో 5–10 (మిల్లీమీటర్లు) అని రాసున్నది నాకు సరిపోయింది. ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో రెండు చెక్కలకీ కలిపి బెజ్జం. తర్వాత పైచెక్కకి మాత్రం 5 మిల్లీమీటర్లది. చివర్లో ఇది. ప్రతి బెజ్జానికీ మూడు బిట్లు మార్చాలంటే విసుగే. అందుకని ఒక బిట్‌తో ఆ వరసంతా పూర్తిచేసి తర్వాతది బిగించేదాన్ని. లోతుకి కొలత ఏమీ లేదు. స్క్రూని తలకిందులు చేసి గాడి మీద బోర్లిస్తే, గాడి మూతి తల అంత వెడల్పుంటే చాలు. చీర పరిచే మెట్లు కాబట్టి నేను ఇంకో వెంట్రుకవాసి దించాను. ప్లైవుడ్ పైపొర లేవకుండా మాస్కింగ్ టేప్ అంటించి, డ్రిల్ తిరగడం మొదలయ్యాకే చెక్కకి ఆనించాలి.

కోణం గురించి కూడా అడుగుతుంటారు. మెట్రిక్ స్క్రూల తల 90 డిగ్రీలు, అమెరికా ఇంచుల స్క్రూలది 82. బిట్లు రెండు రకాలూ అమ్ముతారు. ప్లైవుడ్, నల్ల స్క్రూ అయితే దీని గురించి టెన్షన్ అక్కర్లేదు, మెత్తటి చెక్క సర్దుకుంటుంది. ఇత్తడి స్క్రూలు పైకి కనిపించేలా వేస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. 82 గాడిలో 90 తల పెడితే అంచు దగ్గరే ఆగిపోతుంది. మా ఫ్రేము ముందువైపు ఎనిమిది ఇత్తడివి వేశాను, 90 బిట్‌తో గీత గీసినట్టు కూర్చున్నాయి. ఇత్తడి మెత్తన, టేకులో మధ్యకి విరుగుతుంది. ముందు అదే సైజు ఇనుప స్క్రూ ఎక్కించి దించేసి, తర్వాత మైనం రాసిన ఇత్తడిది బిగించాను.

మా అపార్ట్‌మెంటుకొచ్చే కార్పెంటరు ఇదంతా చూసి నవ్వాడు. "ఎందుకండీ మేడంగారూ ఇంత పని, ఇంపాక్ట్ పెట్టి లాగిస్తే తలే దిగిపోద్ది ఆయ్" అన్నాడు. ఇంపాక్ట్ అంటే గుద్దుతూ స్క్రూని తిప్పి ఎక్కించే మెషిన్. దాంతో ప్లైవుడ్‌లో దిగుతుంది, నిజమే. వార్డ్‌రోబ్ లోపలి వైపైతే నేనూ అలాగే చేస్తానేమో. ఆ మాటే అని, నా టేకు ముక్క ఒకటి ఇచ్చి, చివర నుంచి అంగుళం లోపలికి స్క్రూ లాగించమన్నాను. నిలువునా చీలింది. ఇంకేం మాట్లాడకుండా ఏటవాలు రంధ్రం బిట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడ కొన్నారని అడిగాడు.

మొన్న మెట్లన్నీ బిగించాక ఒక దూది ఉండ తీసుకుని 64 తలల మీదా రాశాను. 62 చోట్ల జారిపోయింది. రెండు చోట్ల పోగు పట్టుకుంది. రెండూ ఆ ఆన్‌లైన్ సెట్టుతో మొదట్లో వేసినవే. అవి విప్పి మళ్ళీ వేయాలి, వచ్చే ఆదివారం.