పదిహేనేళ్లు దాటిన ఆల్టో: దీర్ఘకాల వాడకం తరువాత నా సమీక్ష

2008లో కొత్తగా కొన్న ఆల్టో ఎల్‌ఎక్స్‌ఐ కారును విజయవాడలో నేను ఇప్పటికీ నడుపుతున్నాను. మీటరు లక్షన్నర కిలోమీటర్లకు చేరువలో ఉంది. ఇంతకాలం వాడిన మీదట గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటుంది: పాత చిన్న కారులో ఇనుము కంటే ముందు రబ్బరు ముసలిదవుతుంది. ఇంజను, గేర్‌బాక్సు నూనె సరిగ్గా పోస్తే చాలా కాలం మన్నుతాయి. వాటి చుట్టూ ఉన్న బెల్టులు, పైపులు, బుష్‌లు (లోహపు భాగాల మధ్య ఉండే రబ్బరు దిండ్లు), సీళ్లు, టైర్లు మాత్రం కారు తిరిగినా తిరగకపోయినా వయసుతో ఎండి పగులుతాయి. అవి తెగేదాకా చూడకుండా ముందే మార్చుకునేవారికి ఇది నడిరోడ్డు మీద ఇబ్బంది పెట్టని బండి.

2000లో మన దేశంలో అడుగుపెట్టిన ఈ మోడల్ చాలా ఏళ్లపాటు అత్యధికంగా అమ్ముడైన కారుగా నిలిచింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, సిలిండరుకు నాలుగు వాల్వులు, ఐదు గేర్లు. పొడవు మూడున్నర మీటర్లు, బరువు సుమారు ముప్పావు టన్ను. వన్‌టౌన్ సందుల్లో ఎదురుగా ఆటో వచ్చినా పక్కకు ఒదిగి దారి ఇవ్వగలగడం, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల దొరికిన కాస్త చోటులోనే నిలపగలగడం ఈ కొలతల వల్లనే సాధ్యం. ఊళ్లో లీటరుకు 14 నుంచి 15 కిలోమీటర్లు, హైవే మీద నిదానంగా నడిపితే 18 వరకు ఇస్తోంది.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది టైమింగ్ బెల్టు మీద. ఈ ఇంజనులో క్యామ్‌షాఫ్టును, అంటే వాల్వులను తెరిచి మూసే ఇరుసును, తిప్పేది గొలుసు కాదు, పళ్ల రబ్బరు బెల్టు. అది తెగితే కారు ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. తెగే ముందు శబ్దమూ చెయ్యదు, దీపమూ వెలగదు. అందుకే లక్ష కిలోమీటర్లు నిండేదాకా ఆగనవసరం లేదని నా అభిప్రాయం. తక్కువగా తిరిగే కారుకు ఏళ్ల లెక్కే సరైన లెక్క. బెల్టుతోపాటు దానిని బిగువుగా ఉంచే టెన్షనరునూ, అదే విప్పుడులో వాటర్ పంపునూ మార్పించుకుంటే రెండోసారి కూలీ ఇవ్వవలసిన పని ఉండదు. రేడియేటరు పైపులను ఇంజను చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూడాలి. గట్టిపడినా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చవలసిందే. రేడియేటరులో బోరు నీళ్లు పోసే అలవాటు మన వైపు ఇంకా ఉంది. ఆ నీళ్లలోని సున్నం లోపలి సన్నని గొట్టాలలో పేరుకుని, మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఇంజను వేడెక్కేలా చేస్తుంది. నీళ్లకు బదులు పోసే కూలెంటు ద్రవానికి అయ్యే ఖర్చు, ఇంజను వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ దిమ్మకూ మధ్య ఉండే సీలు) పోతే అయ్యే పనితో పోలిస్తే చాలా స్వల్పం.

ముందు చక్రాలను కారుకు కలిపే కింది చేతుల (లోయర్ ఆర్మ్) బుష్‌లు అరిగితే స్పీడ్ బ్రేకరు మీద టకటకమనే శబ్దం వస్తుంది. దానిని షాక్ అబ్సార్బరు శబ్దంగా భావించి ఖరీదైన సామాను మార్పించుకున్నవారిని నేను చూశాను. ముందుగా బుష్‌లు, టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీల చివరలు), షాక్ అబ్సార్బరు ఉండే స్ట్రట్ పైనుండే రబ్బరు మౌంటింగు పరీక్షించమని మెకానిక్‌ను అడగడం మంచిది. యాక్సిల్ చివరనుండే రబ్బరు బూటును ఆయిల్ మార్చిన ప్రతిసారీ చూడాలి. అది చిరిగితే లోపలి గ్రీజు బయటికి చిమ్మి, ఆ స్థానంలో దుమ్మూ నీళ్లూ చేరతాయి. కొన్ని నెలలకు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టిక్కుటిక్కుమనే శబ్దం మొదలవుతుంది. శబ్దం రాకముందే గమనిస్తే బూటు ఒక్కటే మారుతుంది, వచ్చాక గమనిస్తే మొత్తం జాయింటు మారుతుంది.

టైర్ల విషయంలో గీతల లోతు ఒక్కటే చూస్తే చాలదు. పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఈ కారుకు సరిపడే 12 అంగుళాల టైర్లు దుకాణాలలో నిదానంగా అమ్ముడవుతాయి కాబట్టి కొనేటప్పుడే ఆ అంకెలు చదవాలి. ఆరేళ్లు దాటిన టైరుతో వేసవిలో హైవే ఎక్కకూడదని నేను నియమం పెట్టుకున్నాను.

ఇప్పుడు పాత కార్ల యజమానులందరినీ కలవరపెడుతున్న అంశం 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పరిమాణం చొప్పున చూస్తే ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడో వంతు తక్కువ. పాత నాలుగు చక్రాల వాహనాలలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ప్రణాళికలోనే అంచనా ఉంది. మైలేజీ కంటే నాకు ముఖ్యమనిపించేది రబ్బరు. ఆ రోజుల్లో అమర్చిన ఇంధన పైపులు, సీళ్లు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. నేను రబ్బరు ఇంధన పైపులన్నిటినీ కొత్తవి వేయించి, ఫిల్టరు మార్పించాను. కారును వారాల తరబడి కదపకుండా ఉంచవలసి వస్తే ట్యాంకును ఖాళీగా వదలను, ఎందుకంటే ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువగా ఉంటుంది, ఇథనాల్ ఆ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు వాసన వస్తే ఆ రోజే షెడ్డుకు వెళ్లాలి. అది వాయిదా వేయదగిన పని కాదు.

ఏసీ వేసి నలుగురు కూర్చుంటే ఈ ఇంజను శ్రమపడుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే నల్లమల ఘాట్‌లో ఎక్కుడు మలుపుల వద్ద ఏసీ ఆపి, రెండో గేరులో ఓపికగా ఎక్కించాలి. దిగేటప్పుడు కూడా అదే గేరులో దింపితే బ్రేకులు కాలవు. రాత్రి 9 గంటలకు అటవీ గేట్లు మూసేస్తారు కాబట్టి, తొందరపడే అవసరం లేకుండా పొద్దున్నే బయలుదేరడం పాత కారుకు మేలు.

తుప్పు విషయంలో తీరప్రాంతపు గాలి జాలి చూపదు. తలుపుల అడుగున నీళ్లు బయటికి పోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలో మట్టి పేరుకుంటే వాన నీరు లోపలే నిలిచి, రేకు లోపలి వైపు నుంచి తినేస్తుంది. వానాకాలానికి ముందు వాటిని పుల్లతో శుభ్రం చేయడం, వానలయ్యాక కార్పెట్ ఎత్తి కింద తడి ఉందేమో చూడడం డబ్బు ఖర్చు లేని పనులు.

భద్రత గురించి దాచకుండా చెప్పాలి. ఇందులో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. దీని తరువాత వచ్చిన ఆల్టో 800కే 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన ఢీకొట్టే పరీక్షలో సున్నా నక్షత్రాలు వచ్చాయి. అందువల్ల మా ఇంట్లో దీనిని ఊరి అవసరాలకూ, పగటి ప్రయాణాలకూ మాత్రమే ఉంచాము. హైవే మీద 80 దాటించము, బెల్టు పెట్టుకోకుండా ఎవరినీ ముందు సీట్లో కూర్చోనివ్వము. చిన్న పిల్లలతో తరచుగా దూరప్రయాణాలు చేసే కుటుంబానికి ఈ కారును నేను సిఫారసు చెయ్యను.

పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగించుకోవాలి. కార్లకు ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది, హరిత పన్ను అదనం. గడువు తీరడానికి రెండు నెలల ముందే ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. బీమా విలువ బాగా తగ్గిపోయింది కనుక నేను ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ పాలసీ, యజమాని ప్రమాద బీమా మాత్రమే తీసుకుంటున్నాను. 1,000 సీసీ లోపు కార్లకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలే.

విడిభాగాలకు ఇప్పటికీ లోటు లేదు. ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే దాదాపు అన్నీ దొరుకుతాయి. బంపరు, అద్దం, తలుపు పిడి వంటివి పాత సామాను దుకాణంలో కొన్నా ఫరవాలేదు. బ్రేకు సామాను, బెల్టు, బేరింగులు మాత్రం కంపెనీ పెట్టెలో వచ్చినవే బిల్లుతో కొనాలి. ఇటువంటి కారును సెకండ్ హ్యాండ్‌లో కొనదలచినవారు రంగు మెరుపు, మీటరు అంకె చూసి ధర మాట్లాడవద్దు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, కారును ర్యాంపు మీదికి ఎక్కించి కింద బూట్లు, బుష్‌లు చూడండి, ముందు సీటు కింద కార్పెట్ ఎత్తించండి. బిల్లు లేకపోతే బెల్టు మార్పు ఖర్చును బేరంలో తగ్గించి, ఇంటికి తెచ్చిన వారంలోనే ఆ పని చేయించండి.