కుక్ కౌంటీ ప్రాసిక్యూటర్ల డేటా: ఏం నిర్ణయించారో ఉంది, ఎందుకో లేదు

రేటింగ్: 5కి 3.5

షికాగో, దాని చుట్టూ ఉన్న ఊళ్లు కలిసిన కుక్ కౌంటీలో, పోలీసులు పట్టుకొచ్చిన మనిషి మీద ఏ కేసు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో తేల్చేది స్టేట్స్ అటార్నీ ఆఫీసు, అంటే ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ప్రాసిక్యూటర్ల ఆఫీసు. ఆ ఆఫీసు తన ఫెలనీ (ఏడాది, అంతకు మించి జైలు పడగల పెద్ద నేరం) కేసుల వివరాలను 2018లో కౌంటీ ఓపెన్ డేటా సైట్‌లో పెట్టింది. కేసులు 2011 నుంచి ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఫైలు దించుకుని ఎక్సెల్‌లో తెరుచుకోవచ్చు. నా ఉద్యోగం ఇన్సూరెన్స్ క్లెయిముల డేటా చూడటం. కోర్టు విచారణలు గమనించే ఒక వాలంటీర్ గ్రూపుకి వీలైనప్పుడల్లా లెక్కలు చేసిపెడతాను. ఈ డేటాను కూడా ఆ పనికే వాడుతున్నాను.

దీని బలం ఏమిటంటే, కేసు నడిచే దారంతా కనిపిస్తుంది. ఇంటేక్ ఫైల్లో పోలీసులు తెచ్చిన కేసుకి ఆఫీసు ఒప్పుకుందా, తిప్పి పంపిందా, ఇంకా దర్యాప్తు చెయ్యమందా అని ఉంటుంది. ఇనిషియేషన్‌లో మొదట పెట్టిన ఛార్జీలు (నేరారోపణలు), డిస్పొజిషన్‌లో వాటి ముగింపు, సెంటెన్సింగ్‌లో శిక్ష. వీటిలో రేస్, వయసు, ఆడా మగా అన్న కాలమ్‌లు ఉన్నాయి. కాబట్టి ఒకే రకం ఛార్జీతో లోపలికి వెళ్లిన నల్లజాతి మనిషి, తెల్లజాతి మనిషి ఏ ఛార్జీతో బయటికొచ్చారో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. బరువైన క్లాస్ 1 ఫెలనీతో మొదలైంది, నేరం ఒప్పుకుంటే ఛార్జీ తగ్గించే బేరసారాల్లో, అన్నిటికంటే తేలికైన క్లాస్ 4కి దిగడం ఎవరికి ఎక్కువ జరుగుతోంది? ఆ బేరం జరిగేది జడ్జి ముందు కాదు, లాయర్ల మధ్య. బయటివాళ్లకి దాని ఫలితమైనా కనపడేది ఇలాంటి డేటాలోనే.

వాడబోయేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. ఇంటేక్ తప్ప మిగతా ఫైళ్లలో ఒక్కో వరుస ఒక్కో ఛార్జీ, ఒక్కో మనిషి కాదు. ఒకరి మీద ఆరు ఛార్జీలుంటే ఆరు వరుసలొస్తాయి. మనుషుల్ని లెక్కపెట్టాలంటే కేస్ పార్టిసిపెంట్ ఐడీ పట్టుకోవాలి, ప్రైమరీ ఛార్జ్ అన్న కాలమ్‌ని వాడుకోవాలి. రేస్ కాలమ్‌లో ‘హిస్పానిక్’ విడిగా, ‘వైట్, హిస్పానిక్ ఆర్ లాటినో’ విడిగా ఉంటాయి. వీటిని ఎలా కలుపుతారో ముందే నిర్ణయించుకుని రాసిపెట్టుకోండి, లేకపోతే తెల్లవాళ్ల సంఖ్యే మారిపోతుంది. శిక్ష కాలమ్‌లో అంకె ఒకచోట, అది ఏళ్లా నెలలా రోజులా అన్నది ఇంకోచోట ఉంటాయి. రెండూ చూడకుండా సగటు తీస్తే గందరగోళమే.

అన్నిటికంటే ముఖ్యమైనది డ్రగ్స్ కేసుల సంగతి. మామూలుగా ఫెలనీ కేసు కోర్టుకి వెళ్లే ముందు ఫెలనీ రివ్యూ విభాగంలోని అటార్నీ చూసి సరే అనాలి. డ్రగ్స్ కేసులను మాత్రం చాలావరకు పోలీసులే నేరుగా వేస్తారు. వాటిని కూడా కలిపేసి, ఏ రేస్ వాళ్ల కేసులు ఎంత శాతం ఆమోదించారని చార్టు గీస్తే, ప్రాసిక్యూటర్ తీసుకోని నిర్ణయాన్ని ప్రాసిక్యూటర్ ఖాతాలో వేసినట్టవుతుంది.

ఇక ఒకటిన్నర స్టార్ ఎందుకు కోశానంటే, ఇందులో ‘ఏం’ ఉంది గానీ ‘ఎందుకు’ లేదు, ‘ఎవరు’ లేదు. కేసు తిప్పి పంపారని ఉంటుంది, కారణం ఉండదు. శిక్ష వేసిన జడ్జి పేరుకి కాలమ్ ఉంది, ఛార్జీ పెట్టిన అటార్నీకి లేదు. పేరు వద్దనుకుంటే కనీసం ఒక నంబరైనా ఇవ్వొచ్చు కదా! నిందితుడికి పాత కేసులున్నాయో లేదో తెలియదు. దాంతో తేడా చూపించగానే ‘వాళ్లకి పాత రికార్డు ఉండి ఉంటుంది’ అనేస్తారు, ఆ మాట నిజమో కాదో తేల్చే దారి ఉండదు. మిస్‌డిమీనర్లు, అంటే ఫెలనీ కంటే చిన్న నేరాలు, అసలే లేవు.

‘ఎందుకు’ అన్నది కాగితం మీద దొరికితే ఏం జరుగుతుందో జార్జియాలో తిమొతీ ఫాస్టర్ కేసు చెబుతుంది. 1987లో తెల్లవాళ్లతోనే నిండిన జ్యూరీ అతనికి మరణశిక్ష వేసింది. అర్హత ఉన్న నలుగురు నల్లజాతి జ్యూరర్లనీ ప్రాసిక్యూటర్లు తీసేశారు, రేస్‌తో సంబంధం లేని కారణాలు చెప్పారు, కోర్టులు నమ్మాయి. 2006లో అతని తరఫువాళ్లు రాష్ట్ర ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద ప్రాసిక్యూషన్ ఫైలు తెప్పించారు. జ్యూరర్ల జాబితాలో నల్లవాళ్ల పేర్ల మీద ఆకుపచ్చ హైలైటర్, పక్కన ‘బీ’ అక్షరం, పై మూలలో ఆ రంగుకి అర్థం నల్లవాళ్లని సూచిక. ‘కచ్చితంగా వద్దు’ అన్న జాబితా విడిగా ఉంది. 2016లో అమెరికా సుప్రీంకోర్టు 7-1 తేడాతో అతని పక్షాన తీర్పిచ్చింది. మామూలు మనిషి కూడా వాడుకోగల చట్టంతో దొరికిన కాగితాలవి.

ఆ చట్టమే లేకపోతే కోర్టు ద్వారా అడగడం ఎంత కష్టమో 1996 నాటి ఆర్మ్‌స్ట్రాంగ్ కేసు చూడండి. లాస్ ఏంజెలిస్‌లో ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ (లాయర్‌ని పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే) ఆఫీసు 1991లో ముగించిన 24 క్రాక్ కొకైన్ కేసుల్లోనూ నిందితులు నల్లజాతివాళ్లే. నల్లవాళ్లనే ఏరి కేసులు పెడుతున్నారంటూ నిందితులు ప్రాసిక్యూషన్ ఫైళ్లు చూపించమంటే, ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న వేరే రేస్ వాళ్లని వదిలేశారని ముందు చూపించండి అంది సుప్రీంకోర్టు. ఆ సంగతి ఉండేదే ఆ ఫైళ్లలో! కాలిఫోర్నియా 2020లో తెచ్చిన రేషియల్ జస్టిస్ చట్టం ఈ ముడి కొంత విప్పింది. తగిన కారణం చూపిస్తే నిందితుడికి రికార్డులు ఇవ్వాలంటుంది.

కుక్ కౌంటీ ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలోనూ సమాచారం కోరే చట్టం ఉంది. ఐదు పనిదినాల్లో జవాబివ్వాలి, ఇంకో ఐదు పొడిగించుకోవచ్చు. నేను వేరే కౌంటీలో ఒక ఆఫీసుని కేసులు తిప్పి పంపిన కారణాలు అడిగితే, అది మాకు మోయలేని పని అని రాసి పంపారు. కోపం వచ్చింది, దాచుకోను. అలా కాదన్నప్పుడు 60 రోజుల్లోగా రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులోని పబ్లిక్ యాక్సెస్ కౌన్సిలర్‌కి (ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారికి) రాయొచ్చు. రాశాను. ఆ ఆఫీసు సంగతి చూశాక, అడక్కుండానే ఇంత పెట్టిన కుక్ కౌంటీ మీద నాకు గౌరవం పెరిగింది.

ఇదంతా మనకెందుకు అనే తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. షాపు దొంగతనాల లెక్క చూడండి. చట్టం ప్రకారం 300 డాలర్లు దాటితే ఫెలనీ. 2016 డిసెంబరులో అప్పటి స్టేట్స్ అటార్నీ కిమ్ ఫాక్స్ ఆ గీతను తన ఆఫీసు వరకు 1,000 డాలర్లకి పెంచారు. 2024 డిసెంబరులో ఆ పదవిలోకి కొత్తగా వచ్చిన ఐలీన్ ఓ’నీల్ బర్క్ మళ్లీ 300కి దించారు. అన్నేళ్లూ చట్టంలో ఉన్నది 300 డాలర్లే, మారింది ఆఫీసులో మనిషి. ఆ మనిషిని ఎన్నుకునేది మన ఓటే. ఫాక్స్ ఆఫీసు అంతకుముందైతే నడిచి ఉండే 5,000కి పైగా కేసులను వదిలేసిందని 2019లో మార్షల్ ప్రాజెక్ట్ అనే వార్తా సంస్థ లెక్కగట్టింది, అదీ ఈ డేటాతోనే. దాన్ని మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ ఒకే అంకెల మీద వాదించుకోగలిగారు.

మొదలుపెట్టేవాళ్లు ఇంటేక్ ఫైలు దించుకుని, నార్కోటిక్స్ (డ్రగ్స్) పక్కన పెట్టి, ఒక్క రిటైల్ థెఫ్ట్‌నే (షాపు దొంగతనం) తీసుకుని 2016 ముందూ తర్వాతా రేస్ వారీగా చూడండి. తిప్పి పంపిన కేసుకి కారణం రాసే ఒక కాలమ్, అటార్నీకి ఒక నంబరు, ఈ రెండూ చేర్చిన రోజు ఐదు స్టార్లూ ఇస్తాను.