ఈసబ్‌గోలా, త్రిఫలా, సునాముఖా: రోజూ వాడుకోవడానికి ఏది మేలు?

మలబద్ధకం మాట వస్తే చాలు, చుట్టాలూ స్నేహితులూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: రాత్రిపూట ఈసబ్‌గోల్ పొట్టు తాగాలా, త్రిఫల చూర్ణం వేసుకోవాలా? ఈ మధ్య మా అమ్మ కోసం నేనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది. నీళ్లు బాగా తాగండి, ఆకుకూరలు తినండి అన్న సలహా అందరూ విన్నదే కాబట్టి దాని జోలికి వెళ్లను.

నా ఉద్దేశంలో ముందుగా చూడవలసింది ఒక్కటే. మనం మింగేది మలాన్ని మెత్తబరుస్తోందా, లేక పేగును బలవంతంగా కదిలిస్తోందా? మర్నాటి పొద్దున రెండింటి ఫలితమూ ఒకేలా ఉండవచ్చు. నెలల తరబడి వాడేవారికి మాత్రం ఈ తేడాయే ముఖ్యం.

ఈసబ్‌గోల్ మొదటి రకం. ఆ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుకుంటుంది. పేగులో జిగురులా ఉబ్బి మలానికి మెత్తదనాన్నీ పరిమాణాన్నీ ఇస్తుంది. ఆపై దాన్ని బయటికి పంపే పని పేగు తన సహజమైన కదలికతోనే చేసుకుంటుంది. అందుకే ఫలితం కనబడడానికి 12 గంటల నుంచి మూడు రోజుల దాకా పడుతుంది. ఒక్క రాత్రి తాగి, ఏమీ కాలేదని పక్కన పెట్టేసేవారు ఎందరో. దానికి వారం రోజులైనా వ్యవధి ఇవ్వాలి.

తాగే పద్ధతిలోనే చాలామంది పొరపడుతున్నారు. పొట్టును గ్లాసులో వేసి కలిపితే మొదట పైన తేలుతుంది. కాసేపు వదిలేస్తే చిక్కబడి, చెంచా నిలబడేంత ముద్ద అవుతుంది. అలా కానివ్వకుండా, ఒక చెంచా పొట్టును పావు లీటరు నీళ్లలో కలిపిన వెంటనే తాగేయాలి. ఆ వెనకే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు చాలకపోతే అదే పొట్టు గొంతులో అడ్డుపడవచ్చు, పేగులో గట్టిపడి సమస్యను పెంచనూ వచ్చు. మింగడానికి ఇబ్బంది పడే వృద్ధులకు ఇది ఇవ్వకూడదు. తాగీ తాగగానే పడుకోకూడదు. థైరాయిడ్, షుగర్ వంటి మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. మొదట్లో గ్యాస్, ఉబ్బరం అనిపిస్తే అర చెంచాతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవచ్చు. చాలా ఇళ్లలో దీన్ని పెరుగులో కలిపి తినడం చూస్తాను. అది నీళ్ల విరేచనాలకు చేసే వైద్యం. మలబద్ధకానికి కావలసింది నీళ్లే.

త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. విరేచనం చేయించే గుణం ముఖ్యంగా కరక్కాయది. నెమ్మదైన మందే, చాలామందికి పడుతుంది. వగరు భరించగలిగి, ఇప్పటికే వాడుతూ సుఖంగా ఉన్నవారిని మానేయమని నేను చెప్పను. నా అభ్యంతరమల్లా కొనే దగ్గర. కడుపు శుభ్రం చేస్తుందని అమ్మే చూర్ణాలన్నీ త్రిఫల కావు. డబ్బా వెనక పదార్థాల పట్టిక చదవండి. సనాయ్, సోనాముఖి, స్వర్ణపత్రి, సెన్నా, ఈ పేర్లలో ఏది కనబడినా అది సునాముఖి ఆకే. మూలికల మందు కదా అని ఏళ్ల తరబడి రోజూ వేసుకునేవారు ఈ ఒక్క వరుస చదివితే చాలు, తాము వాడుతున్నదేమిటో తెలుస్తుంది.

సునాముఖి రెండో రకం. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిలోని పదార్థాలను మార్చాక, అవి పేగు గోడను ముడుచుకునేలా చేస్తాయి. పడుకునే ముందు వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుంది, కొందరికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. ప్రయాణాల్లోనో, నాలుగు రోజులు మంచం పట్టినప్పుడో ఇది మంచి మందే, వైద్యులూ రాస్తారు. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. పేగు పూర్తిగా ఖాళీ అయ్యాక ఒకటి రెండు రోజులు విరేచనం కాకపోవడం సహజం. అది తెలియక కంగారుపడి మళ్లీ వేసుకుంటారు, ఇక రోజూ అదే వరస. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే ఒంట్లో పొటాషియం తగ్గవచ్చు. గుండె మందులు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ఇది ప్రమాదం.

ఆముదం సంగతి క్లుప్తంగా చెబుతాను. అది కొద్ది గంటల్లోనే పేగును ఊడ్చేస్తుంది. గర్భిణులు దాని జోలికి పోకూడదు. ఆరు నెలలకోసారి పిల్లల చేత పట్టించే అలవాటు వల్ల మేలేమీ లేదు. ఇక పండ్లలో జామకు నా ఓటు, 100 గ్రాములకు 5 గ్రాములకు పైగా పీచు ఉంటుంది. అరటిపండులో అందులో సగమే. ఎండు ద్రాక్ష, అంజీర్ నానబెట్టుకుని తినవచ్చు. తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్లలో పనిచేసేది ఆ నీళ్లే.

అమ్మకు ఈసబ్‌గోలే ఎంచుకున్నాను, దానితోపాటు ఒక పీటను కూడా. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె కింద కూర్చోలేదు, కమోడ్ తప్పదు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద జానెడు ఎత్తు పీట వేస్తే మోకాళ్లు నడుము కన్నా పైకి వస్తాయి. గొంతుక్కూర్చున్నప్పటిలాగే మలద్వారం దగ్గరి కండరం వదులై, దారి నిటారు అవుతుంది, ముక్కవలసిన అవసరం తగ్గుతుంది. టిఫిను తినగానే పెద్దపేగు కదలిక పెరుగుతుంది కాబట్టి ఆ సమయంలోనే వెళ్లాలి. వంటపనిలో పడి, ఆఫీసు బస్సుకు ఆలస్యమవుతుందని ఆ పిలుపును రోజూ ఆపుకునేవారికి ఏ చూర్ణమూ సరిగా పనిచేయదు. ఐరన్, కాల్షియం మాత్రలు మొదలుపెట్టాక సమస్య వచ్చిందేమో కూడా చూసుకోవాలి. అమ్మ విషయంలో డాక్టరుగారు ముందు మార్చింది ఆ ఐరన్ మాత్రనే.

వారానికి మూడుసార్లు సాఫీగా అవుతున్నా అది మామూలే, రోజూ కావాలని మందు మింగనక్కర్లేదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. కడుపు ఉబ్బి వాంతులవుతూ గ్యాస్ కూడా పోకపోతే ఏ విరేచనకారీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.