చెవితో పట్టాలా, కాగితం చూసి వాయించాలా?

జాజ్ వాకింగ్ బేస్ (బీటుకో స్వరం చొప్పున నడకలా సాగే బేస్ వరస) నేర్చుకోవడానికి రెండు దారులు: రికార్డు విని మనమే రాసుకోవడం, ఎవరో రాసిపెట్టింది చూసి వాయించడం.

12 బార్ల బ్లూస్ ఒక చుట్టుకి, బార్‌కి నాలుగు బీట్లు, బీటుకొకటి చొప్పున, 48 స్వరాలు. చదవడం వస్తే పది నిమిషాల పని. చెవితో అయితే సాయంత్రమంతా పోతుంది. పాత రికార్డుల్లో డ్రమ్స్ కింద బేస్ నలిగిపోయి ఉంటుంది మరి! కానీ 1950ల నాటి జాజ్ బేసిస్ట్ పాల్ చాంబర్స్ వాయింపుని విని పడితేనే, తర్వాతి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మూలస్వరంలోకి అరస్వరం పక్కనుంచి ఎలా జారాలో, ఏ స్వరాన్ని ఎంతసేపు మోగనివ్వాలో ఒంటపడుతుంది. ఆ ఊపు కాగితం మీదికి రాదు.

అలాగని చదవడం రాకుండా బిగ్ బ్యాండ్‌లో, అంటే రాసింది చూసి వాయించే పెద్ద జాజ్ బృందంలో, కూర్చోలేం.

నా ఓటు చెవికే. ఒక చుట్టు సొంతంగా రాసుకున్నాకే అచ్చుప్రతి తెరుస్తాను, తప్పులు దిద్దుకోవడానికి.