నాలా వెడల్పా, చెరువులో ఖాళీయా? వరంగల్ ముంపుకు ఏది మేలు?

2023 జూలై 27న హనుమకొండ నయీంనగర్, వరంగల్ హంటర్ రోడ్డు కాలనీలు నీట మునిగాయి. ఆ ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పటి నుంచి ఎవరిని కదిపినా ఒకటే మాట: నాలా వెడల్పు చేయాలి. పట్టణ వరద నీటి లెక్కలు వేయడమే నా పని. ఆ మాట తప్పనను కానీ, ముందు చెరువు సంగతి చూడాలంటాను.

కాంక్రీటు గోడలు కట్టిన నాలాలో, అదే లోతు, అదే వాలు ఉన్నా, మట్టి కాలువలో కంటే నీరు దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. పై కాలనీకి ఊరటే. దిగువన కల్వర్టు పాతదే ఉంటే మాత్రం మునిగే చోటు మారుతుంది, అంతే. అందుకే వెడల్పు పని దిగువ నుంచి ఎగువకు రావాలి. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. పాత వానల లెక్కతో కట్టిన నాలా రేపటి వానకు చాలదు. రెండు వైపులా ఇళ్లు లేచాక మళ్లీ పెంచలేం.

ఇంకుడు గుంతలు భూగర్భ జలానికి మంచివి. ఎర్రటి ఇసుక కలిసిన చెల్క నేలలో బాగా ఇంకుతాయి, రేగడిలో నెమ్మది. కుండపోతకు మాత్రం చాలవు. వంద చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు!

ఇక చెరువు. వంద ఎకరాల చెరువులో ఒక్క మీటరు ఖాళీ ఉంటే 40 కోట్ల లీటర్లు ఆగుతాయి. అంటే 8 చదరపు కిలోమీటర్లలో 50 మిల్లీమీటర్ల వాన పడి, చుక్క ఇంకకుండా పారినా పడుతుంది. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి (అలుగు) దూకాకే కింది చెరువుకు నీళ్లు. ఈ ఆలస్యమే ఊరిని కాపాడేది. ఆ చెరువుల మధ్య కాలువలు ఇళ్ల కింద పోతేనే నీరు వీధుల్లోకొస్తుంది. నా చేతిలో ఉంటే మొదటి రూపాయి ఆ కాలువలు విడిపించడానికే పెడతాను.

చిక్కల్లా ఒకటే. నిండిన చెరువు వరదను పెద్దగా ఆపదు. బతుకమ్మ నాటికి చెరువు కళకళలాడాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. జూలైలోనే ఖాళీ చేసి పెడితే, తర్వాత వానలు ముఖం చాటేసినప్పుడు నష్టం. అందుకని భారీ వాన హెచ్చరిక వచ్చాకే నీరు వదలాలి. వంద ఎకరాల చెరువును రెండు రోజుల్లో మీటరు దించాలంటే సెకనుకు సుమారు 2,300 లీటర్లు పోవాలి. పొలాలకు నీళ్లివ్వడానికి కట్టిన తూముతో అది కష్టం. మత్తడి దగ్గర షట్టర్లు, రాత్రయినా వాటిని ఎత్తే మనిషి కావాలి.