కారైకుడి పాత సామాన్ల వీధి, మా మూడు రోజుల అనుభవం

పాత ఇత్తడి, పింగాణీ సామాన్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఒక్కసారైనా కారైకుడి వెళ్ళి రావాలండి. మేం హైదరాబాద్ నుంచి మదురైకి ఫ్లైట్‌లో వెళ్ళి అక్కడ టాక్సీ మాట్లాడుకున్నాం, రెండు గంటల దారి.

మునీశ్వరన్ కోవిల్ వీధి అని అడిగితే ఎవరైనా చెప్తారు. చెట్టియార్లు బర్మా, మలయా వ్యాపారాల్లో సంపాదించి కట్టిన మహా ఇళ్ళు పంపకాలైపోయి కొన్ని కూలగొట్టేస్తున్నారు కదా, వాటిల్లో సామానంతా చేరేది ఈ వీధికే. బర్మా టేకు స్తంభాలు, రవివర్మ పటాలు, స్వీడన్ ఎనామిల్ గిన్నెలు, మన ఆవకాయ జాడీల్లాంటి పింగాణీ జాడీలు, ఎంతసేపు చూసినా తనివి తీరదు. స్తంభాలు, ద్వారబంధాలు కొనడానికి మాత్రం నాకు మనసొప్పలేదు, ఎవరింటి గుమ్మమో ఊడబీకి మన హాల్లో పెట్టుకోవడం ఏంటో అనిపించింది. గిన్నెలైతే ఎలాగూ చేతులు మారేవే.

నేను తీసుకున్నది ఒక ఇత్తడి క్యారియర్. అంచు మీద తమిళంలో రెండక్షరాలు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉన్నాయి, మన పెళ్ళి సామాన్ల మీద పేర్లు కొట్టిస్తాం చూడండి, అచ్చం అలాగే. షాపాయన బఫింగ్ (మిషన్ పాలిష్) పట్టించి కొత్తదానిలా ఇస్తానంటే వద్దే వద్దన్నా, అక్షరాలు అరిగిపోతాయి. చింతపండుతో తోముకుంటే చాలు.

ఇంకో షాపులో దీపం వందేళ్ళదన్నారు, తిప్పి చూస్తే అడుగున అరుగుదలే లేదు, పైన నలుపు పూసింది, అంటే కొత్తదే. దేవుడి పాత విగ్రహాల జోలికి అసలు పోవద్దు, ఏ గుళ్ళోదో ఏమో. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో మాట, 100 ఏళ్ళు దాటిన కళావస్తువుల్ని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించకూడదు.

కారైకుడి దగ్గర్లోని కానాడుకాత్తాన్ ఊళ్ళో పాత ఇంటినే హోటల్ చేసిన చోట రెండు రాత్రులున్నాం. ముంగిలి, గచ్చు అద్భుతం, కానీ ఆ రేటుకి పొద్దున్నే వేడినీళ్ళు కూడా రాకపోతే ఎలా? మూడో రాత్రి బస్టాండ్ దగ్గర మామూలు లాడ్జిలో ఏ ఇబ్బందీ లేదు. భోజనానికి కారైకుడిలోని 'ది బంగళా' అనే హోటల్‌కి వెళ్ళండి, అరటాకులో వడ్డిస్తారు, ముందే ఫోన్ చేసి చెప్పాలి.

దగ్గర్లోని ఆత్తంగుడి ఊళ్ళో నేల టైల్స్ చేసేది తప్పకుండా చూడండి. గాజు పలక మీద చట్రం పెట్టి రంగు సిమెంటు చేత్తోనే పోస్తారు, కాల్చడం ఉండదు, నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు, ఆ గాజు నునుపే టైల్‌కి వస్తుంది. ఆరు కొన్నాం. చెక్కపెట్టె కట్టించుకోండి, మేం అట్టపెట్టెలో పార్సిల్ వేస్తే వాటిలో రెండు పగిలి వచ్చాయి.